యర్రగుంట్ల నుంచి లేపాక్షి దాకా సైకిలు మీద: ఏ దారిన, ఎన్ని రోజులు?

పెన్నాగట్టు

డిసెంబరు చివరి వారంలో మేము నలుగురం సైకిళ్ళతో యర్రగుంట్లలో దిగి, కలమళ్ళ, గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి, గుత్తి, అనంతపురం, పెనుకొండ చూసుకుంటూ లేపాక్షి చేరాలని అనుకుంటున్నాము. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. మాలో ఇద్దరికి రోజుకు నూరు కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంది. మిగిలిన ఇద్దరు అరవై దాటితే మాట్లాడడం మానేస్తారు. ఈ చోట్లన్నీ కారులో తిరిగినవాళ్ళు రాసినవి కావలసినన్ని దొరుకుతున్నాయి గాని, సైకిలు మీద వెళ్ళినవాళ్ళ అనుభవం ఎక్కడా కనబడలేదు. ఈ దారి మంచిదేనా, రాత్రి బసకు ఎక్కడెక్కడ ఆగాలి, తెలిసినవారు చెప్పగలరు.

సీమబాటసారి

మీరు రాసినది చూడవలసిన చోట్ల జాబితా. అది ప్రయాణ ప్రణాళిక కావడానికి ఇంకా చాలా ఉంది. కలమళ్ళ కలుపుకుంటే యర్రగుంట్ల నుంచి గండికోటకు సుమారు 45 కిలోమీటర్లు, అక్కడి నుంచి బెలుంకు 60, బెలుం నుంచి తాడిపత్రికి 30, తాడిపత్రి నుంచి గుత్తికి 50, గుత్తి నుంచి అనంతపురానికి మరో 50, అక్కడి నుంచి పెనుకొండకు 70, పెనుకొండ నుంచి హిందూపురం మీదుగా లేపాక్షికి 50. మొత్తం 350 దాటుతుంది. నాలుగు రోజులకు పంచితే రోజుకు తొంభై చొప్పున వస్తుంది కనుక తొక్కడం అసాధ్యమేమీ కాదు.

అయితే డిసెంబరులో ఆరున్నరకు గాని తెల్లవారదు, సాయంత్రం ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. ఆ పదకొండు గంటల్లో ఆరేడు గంటలు సీటు మీదే గడిచిపోతే, గండికోటలో మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం, ఆపైన పెన్న లోయ అంచు ఎప్పుడు చూస్తారు? బెలుం గుహలను ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. గండికోట నుంచి తెల్లవారుజామున బయలుదేరినా పదకొండు లోపు బెలుం చేరలేరు. గుహ పొడవు 3,229 మీటర్లయినా చూడనిచ్చేది అందులో ఒకటిన్నర కిలోమీటరు మేరకే. లోపల ఉక్క విపరీతం కనుక అరవై కిలోమీటర్లు తొక్కి వచ్చిన కాళ్ళకు ఆ నడక కూడా తక్కువేమీ కాదు.

అయిదు రోజులైనా చేసుకోండి, లేదా గుత్తిని వదిలేయండి. అనంతపురం ఎలాగూ వదలవలసినదే.

గుత్తికోట

"గుత్తిని వదిలేయండి" అన్న మాట అంత తేలికగా ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కొండ మీద కోట ఒక్కటే అయితే వాదించేవాడిని కాను. మరాఠా నాయకుడు మురారిరావు ఏలిన కోట అది. 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు లోపల నీళ్ళు అయిపోవడం వల్లనే లొంగిపోవలసి వచ్చింది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. తరువాత అవశేషాలను మద్రాసుకు తరలించారు. గుత్తి నుంచి పత్తికొండ దారిలో ఎర్రగుడి ఉంది, అక్కడి బండల మీద 1929లో బయటపడిన అశోకుని శాసనాలు ఉన్నాయి. తెలుగు నేల మీద ఇంతకంటే పాత రాతను చూపించి, ఆ తరువాత వదిలేయమని చెప్పండి.

పల్లేరుకాయ

నీళ్ళు అయిపోతే కోటే పోయింది, సైకిలువాళ్ళు ఏపాటి? సీసాలు తలా మూడు పెట్టుకోండి.

సీమబాటసారి

గుత్తికోట గారూ, గుత్తి గొప్పతనం మీద నాకు పేచీ లేదు, పేచీ అంతా గుత్తి నుంచి అనంతపురం వెళ్ళే రోడ్డు మీదనే. అది హైదరాబాదు, బెంగళూరు మధ్య లారీలు, బస్సులు, కార్లు రాత్రింబవళ్ళు పరుగులు తీసే జాతీయ రహదారి. అంచున తొక్కుకుంటూ పోవడానికి చోటు ఉంటుంది గాని, చుట్టూ చూడడానికి ఏమీ ఉండదు. చెవుల్లో హోరు తప్ప మరేదీ మిగలదు. అనంతపురం నుంచి పెనుకొండకు కూడా అదే రహదారి. అంటే ఈ ప్రయాణంలో మూడో వంతు దూరం వీళ్ళు పల్లెలకు దూరంగా, లారీలకు దగ్గరగా గడుపుతారు. సైకిలు తీసుకువెళ్ళేది అందుకా?

గుత్తి చూడాలనుకుంటే మార్గం ఉంది. తాడిపత్రి, గుత్తి ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. తాడిపత్రి లాడ్జిలో సైకిళ్ళు పెట్టి, పొద్దున రైలెక్కి గుత్తి వెళ్ళి, కోట ఎక్కి, ఆటో మాట్లాడుకుని ఎర్రగుడి చూసి, సాయంత్రానికి తిరిగి తాడిపత్రి చేరవచ్చు. కాళ్ళకు విశ్రాంతి కూడా దొరుకుతుంది.

గుత్తికోట

కోట ఎక్కడం విశ్రాంతి అనుకునేవారిని ఇప్పుడే చూస్తున్నాను. అయినా ఈ ఏర్పాటుకు నా అభ్యంతరం లేదు.

పెన్నాగట్టు

తాడిపత్రి నుంచి అనంతపురం వెళ్ళకుండా పెనుకొండ చేరే దారి ఉందా? మ్యాపులో సన్నని గీతలు చాలా కనబడుతున్నాయి, వాటిలో దేన్ని నమ్మాలో తెలియడం లేదు.

డల్లాస్_ధర్మవరం

ఉంది. తాడిపత్రి నుంచి నార్పల, అక్కడి నుంచి బత్తలపల్లి, ఆ తరువాత ధర్మవరం. దగ్గరదగ్గర 70 కిలోమీటర్లు అవుతుంది. మరునాడు ధర్మవరం నుంచి కొత్తచెరువు మీదుగా పెనుకొండ, ఇది 50 లోపే. వేరుశనగ చేలు, మధ్యలో బోడి గుట్టలు, వాటి నడుమ చెరువులు, ఇదే ఆ దారి. కొత్తచెరువు నుంచి కాస్త పక్కకు వెళితే బుక్కపట్నం చెరువు వస్తుంది. విజయనగర రాజుల కాలం నాటి పెద్ద చెరువుల్లో అది ఒకటి. నీళ్ళున్న సంవత్సరం అయితే కట్ట మీద నిలబడి చూసి తీరవలసినదే, లేని సంవత్సరం అయితే అంత కట్ట అప్పట్లో ఎందుకు కట్టారో బాగా అర్థమవుతుంది.

ధర్మవరంలో రాత్రి ఆగితే, మగ్గాల చప్పుడు వినబడే వీధుల్లో ఒక గంట నడవండి. ఇక్కడ డల్లాసులో మా ఊరి పట్టుచీరలు కట్టుకున్నవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ కనబడతారు గాని, ఆ చప్పుడు మాత్రం ఇంత దూరానికి రాదు.

కొలతలమేష్టారు

ఇప్పటివరకు ఎవరూ దిక్కు గురించి మాట్లాడలేదు. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంది, తాడిపత్రి రెండు వందల పైచిలుకు మాత్రమే. పెన్న నది నంది కొండల్లో పుట్టి హిందూపురం వైపు నుంచే కిందికి దిగి తాడిపత్రి, గండికోట చేరుతుంది. అంటే పెన్నాగట్టు గారి బృందం నది వచ్చే దిశకు ఎదురుగా ఎక్కుతూ పోతుంది. లేపాక్షిలో మొదలుపెట్టి యర్రగుంట్లలో ముగిస్తే దారి అంతా దిగుడే కదా? ఇంత చిన్న లెక్క ఎందుకు వేసుకోలేదో.

సీమబాటసారి

మేష్టారూ, మీ లెక్క సరైనదే గాని అందులో గాలి లేదు. ఎత్తులో తేడా నాలుగు వందల మీటర్లు, అది నూట యాభైకి పైగా కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంది. సైకిలు మీద ఉన్నవాడికి ఆ ఎక్కుడు తెలియనే తెలియదు. తెలిసేది గాలి. పెనుకొండ, ధర్మవరాల మధ్య రామగిరి గుట్టల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి బలంగా వీస్తుంది. డిసెంబరు, జనవరిలలో తూర్పు, ఈశాన్యాల నుంచి, కొంత నెమ్మదిగా వస్తుంది. యర్రగుంట్లకు లేపాక్షి నైరుతి దిక్కున ఉంది కనుక వీరు వెళ్ళే నెలలో గాలి వీపు వైపు నుంచి తోస్తుంది. మీరు చెప్పినట్లు తిరగేస్తే దిగుడు కలిసివచ్చేది కొద్దిగా, ఎదురుగాలి అడ్డుపడేది రోజంతా.

కొలతలమేష్టారు

అంగీకరించాను. అయితే జూలైలో బెంగళూరు నుంచి వచ్చేవారికి నా లెక్కే పనికివస్తుందని రాసిపెట్టుకోండి.

నాపరాయి

మాది కొలిమిగుండ్ల పక్కన. బెలుం నుంచి తాడిపత్రి దాకా ఉన్న ముప్ఫై కిలోమీటర్ల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. మా వైపు గనుల నుంచి నాపరాళ్ళు, పరుపురాళ్ళు మోసే ట్రాక్టర్లు, లారీలు, ఆపైన సిమెంటు ఫ్యాక్టరీల బండ్లు అన్నీ ఆ రోడ్డు మీదనే తిరుగుతాయి. బండి గుంతలో పడినప్పుడు రాళ్ళ అంచులు విరిగి రోడ్డు మీద పడతాయి. ఆ పెచ్చులు వేలి మందాన, చాకు అంచులా ఉంటాయి. కారు టైరుకు ఏమీ కాదు, మీ సన్న టైరు పక్క గోడను మాత్రం కోసేస్తాయి. తాడిపత్రి దగ్గర పడేకొద్దీ పాలిష్ ఫ్యాక్టరీల బూడిదరంగు మడ్డి రోడ్డు పక్కన కుప్పలుగా కనబడుతుంది. ఎండితే గాలికి లేచి కళ్ళల్లో పడుతుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇంకొక సంగతి. గండికోట జలాశయం నిండిన తరువాత తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు నీటిలోకి పోయాయి. మ్యాపులో పాత దారి చూపించినంత మాత్రాన అటు కొండాపురం వైపు దిగకండి. జమ్మలమడుగు వచ్చి, అక్కడి నుంచి కొలిమిగుండ్ల దారి పట్టడమే మేలు.

రెండో_గేరు

యర్రగుంట్ల వైపు కూడా ఇలాంటిదే ఉంది. కలమళ్ళ పక్కనే థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది, అక్కడి నుంచి బూడిద మోసే ట్యాంకర్లు వరుసగా పోతుంటాయి. అలాగని కలమళ్ళ మానకండి. చెన్నకేశవాలయం ఆవరణలోని రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని, సుమారు 575 నాటిది, తొలి తెలుగు శాసనంగా చెబుతారు. అక్కడికి ఉదయం ఎనిమిది లోపు చేరిపోతే రోడ్డు కొంత ఖాళీగా ఉంటుంది.

పల్లేరుకాయ

నా పేరు చూసి అయినా ఎవరో ఒకరు పంక్చర్ల గురించి అడుగుతారని ఎదురుచూశాను. సరే, నేనే చెబుతాను.

ఈ దారిలో మీకు శత్రువులు ఇద్దరు, సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. రోడ్డు పక్కన తుమ్మ చెట్లు నరికినచోట కొమ్మలు ఈడ్చుకుపోయిన గీతలు కనిపిస్తే సైకిలు దిగి నడిపించండి, నామోషీ ఏమీ లేదు. ఫోటో కోసమని రోడ్డు దిగి ఎండుగడ్డిలో సైకిలు ఆనించారా, టైరు నిండా పల్లేరు కాయలే. ఎక్కే ముందు టైరును అరచేతి పక్కతో నిమిరి చూసుకోండి, గుచ్చుకుంటే కాయ ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

ఇక్కడ అసలు చిక్కు ఉంది. పల్లెల్లో సైకిలు షాపువాడి దగ్గర ఉండేది పాత రకం పెద్ద సైకిళ్ళ 28 అంగుళాల టైర్లు, ట్యూబులు, 26 అంగుళాలవి. మీ రోడ్డు సైకిళ్ళకు ఉండే 700సి కొలత చక్రానికి ఆ టైరు పట్టదు. సన్నని ప్రెస్టా పిన్ను ఉన్న ట్యూబయితే అక్కడి పంపుతో గాలి కూడా కొట్టలేరు. ముల్లు దిగడం గోరుచుట్టు అయితే, ఇది దాని మీద రోకటిపోటు. లావు పిన్ను, అంటే బైకులకు ఉండేది, ఉన్నవారికి లారీల పంక్చరు కొట్టులో కూడా గాలి దొరుకుతుంది. కనుక పిన్ను మార్చే చిన్న ఇత్తడి మూత ఒకటి, తలా రెండు ట్యూబులు, ప్యాచీలు, చేతి పంపు వెంట ఉండాలి. టైరు పక్క గోడ తెగితే, నాపరాయి గారు చెప్పినట్లు జరిగితే, లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి కోసి ఉంచుకోండి.

పెన్నాగట్టు

ఇందులో సగం నేను ఆలోచించనే లేదు. టైరు వెడల్పు ఎంత ఉండాలి? నావి 28 మిల్లీమీటర్లవి.

పల్లేరుకాయ

35 కంటే తక్కువ వద్దు. 28తో బెలుం, తాడిపత్రి మధ్య మీరు తొక్కే దూరం కంటే కూర్చుని అతికించే సమయం ఎక్కువవుతుంది.

సీమబాటసారి

అంత భయపెట్టనక్కరలేదు, 32తో కూడా వెళ్ళవచ్చు. సామాను బరువు తగ్గించుకోవడం ముఖ్యం.

పల్లేరుకాయ

తమరు 32తో వెళ్ళండి, వెనుక నేను ప్యాచీలు అమ్ముకుంటూ వస్తాను.

రెండో_గేరు

రైలు సంగతి ఎవరైనా చెప్పారా? సైకిలును టిక్కెట్టుతో పాటు లగేజీగా బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయవచ్చు. అయితే యర్రగుంట్ల వంటి చోట బండి ఆగేది కొద్ది నిమిషాలే. అంతలో నాలుగు సైకిళ్ళు దించడం కుదరదని పార్సెల్ కార్యాలయంలో ముందే తీసుకోకపోవచ్చు. ముందుచక్రం, పెడళ్ళు విప్పి, సైకిలును గుడ్డ సంచిలో పెట్టి బోగీలోకి తెచ్చుకున్నవారిని చూశాను. అయితే అది తోటి ప్రయాణికుల ఓర్పు మీద, టిక్కెట్లు చూసేవారి దయ మీద ఆధారపడిన వ్యవహారం. నాకైతే హైదరాబాదు నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు వెళ్ళే రాత్రి బస్సే మేలు అనిపిస్తుంది. డ్రైవరుతో ముందే మాట్లాడుకుంటే డిక్కీలో రెండేసి సైకిళ్ళు పడతాయి. తిరుగు ప్రయాణంలో హిందూపురం నుంచి కాచిగూడ వైపు రైళ్ళు ఉన్నాయి, ఆగే సమయం గురించి అక్కడ కూడా ఇదే చిక్కు.

మీ బృందంలో ఆడవాళ్ళు ఉంటే ఇంకొక మాట. దారిలో మరుగుదొడ్డికి పెట్రోలు బంకులే దిక్కు. నార్పల, బత్తలపల్లి మధ్య ఎక్కడున్నాయో ముందే గుర్తుపెట్టుకుని, ఆ లెక్కన నీళ్ళు తాగవలసి వస్తుంది. ఈ సలహా మగవాళ్ళు రాసిన ఏ ప్రయాణ ప్రణాళికలోనూ ఉండదు.

పెన్నాగట్టు

ఇద్దరం ఆడవాళ్ళమే. నూరు కిలోమీటర్లు తొక్కేది కూడా మేమే. చాలా ఉపకారం చేశారు.

ఉగ్గాణి_బజ్జి

అందరూ టైర్లు, గాలి అంటున్నారు, కడుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. జమ్మలమడుగు నుంచి ధర్మవరం దాకా ఏ ఊళ్ళోనైనా ఏడింటికి బండి దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. బొరుగులు నానబెట్టి చేసేది కనుక కడుపు బరువనిపించదు, రెండు గంటలు హాయిగా తొక్కవచ్చు. బజ్జీ మాత్రం ఒకటితో ఆపండి. ఎండలో నోరెండిపోయేది దానివల్లనే. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి దొరికితే వదలకండి, అయితే సంగటి తిన్న వెంటనే సైకిలెక్కే సాహసం చేయవద్దు, చెట్టు నీడ చూసుకుని ఒక గంట నడుము వాల్చండి. నీళ్ళకు బోరులను నమ్ముకోకండి. అనంతపురం పల్లెల్లో బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ క్యాన్లు నింపే నీళ్ళ ప్లాంటు ఉంటుంది, సీసా నింపమంటే కాదనరు.

గుత్తికోట

గుత్తిలో రైలు దిగేవారికి కూడా ఉగ్గాణి దొరుకుతుందని మనవి.

కొలతలమేష్టారు

బసల గురించి నాకు తెలిసినది చెబుతాను. గండికోటలో పర్యాటక సంస్థవారి హోటలు ఉంది, డిసెంబరు చివర బెంగళూరు, హైదరాబాదుల నుంచి కార్లు దిగుతాయి కనుక గది ముందే బుక్ చేసుకోవాలి. గుడారాలు కూడా అద్దెకు ఇస్తారు. తాడిపత్రి, ధర్మవరం, హిందూపురాలలో లాడ్జీలకు లోటు లేదు. గది ఖాయం చేసే ముందు సైకిళ్ళు లోపల పెట్టనిస్తారా అని ఫోనులో అడగండి. ఒక ఊళ్ళో లాడ్జివాళ్ళు మా సైకిళ్ళను మెట్ల కింద పెట్టమని చెప్పి, రాత్రి తలుపు తీసిపెట్టి పడుకున్నారు; మేము వంతులవారీగా కాపలా కాశాము. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం పెన్న ఒడ్డునే ఉంది. అసంపూర్తిగా మిగిలిన దాని గోపురాల అడుగుభాగంలో రాతిచెక్కడం చూడడానికి సాయంత్రపు ఏటవాలు ఎండే సరైనది, కనుక నాలుగింటికల్లా ఊరు చేరేటట్లు చూసుకోండి. చింతల వెంకటరమణస్వామి గుడిలోని రాతి రథాన్ని మరునాటి ఉదయానికి ఉంచండి.

సీమబాటసారి

మేష్టారు చెప్పిన నాలుగు గంటల మాట బెలుం మీద ఆధారపడి ఉంది. గండికోట నుంచి ఆరింటికి బయలుదేరితే పదకొండున్నరకు బెలుం, గుహ చూసి భోజనం చేసేసరికి రెండు, అక్కడి నుంచి నాపరాయి గారి రోడ్డు మీద రెండు గంటలకు పైనే. ఆ రోజు మొత్తం తొంభై అవుతుంది. అరవై దాటితే మాట్లాడడం మానేసేవారు ఆ సాయంత్రం గోపురం చూడగలరా?

నాపరాయి

చూడలేరు. అందుకని ఆ రోజు కొలిమిగుండ్లలోనో, బెలుం దగ్గరనో ఆగడానికి చోటు దొరుకుతుందేమో ముందే విచారించండి. దొరికితే మరునాటి పొద్దున ఆరింటికే తాడిపత్రి రోడ్డు పట్టవచ్చు. గనుల బండ్లు రాళ్ళు ఎత్తుకుని రోడ్డెక్కేది ఎనిమిది తరువాతే, అప్పటికి మీరు తాడిపత్రి పొలిమేరల్లో ఉంటారు.

పెన్నాగట్టు

అందరూ చెప్పినది కలిపి ఇలా మార్చాము. సెలవు పెంచుకుని రోజులు ఆరు చేశాము. రాత్రి బస్సులో ప్రొద్దుటూరు దిగి, యర్రగుంట్ల మీదుగా కలమళ్ళ చూసుకుని మొదటి రోజు గండికోట. రెండో రోజు ఉదయం కోట తిరిగి, పదింటికి బయలుదేరి బెలుం దగ్గర బస. గుహ మూడో రోజు తెరవగానే చూసి తాడిపత్రి. నాలుగో రోజు నార్పల మీదుగా ధర్మవరం. అయిదో రోజు బుక్కపట్నం చెరువు, పెనుకొండ. ఆరో రోజు హిందూపురం, లేపాక్షి. గుత్తి ఈసారి పడలేదు, గుత్తికోట గారు మన్నించాలి. ఈ ఏర్పాటులో మిగిలిన చిక్కు ఒక్కటే: గుహ చూసి బయలుదేరితే నాపరాయి గారు వద్దన్న సమయానికే ఆ రోడ్డు మీద ఉంటాము.

గుత్తికోట

మన్నించను. అశోకుడు రెండు వేల మూడు వందల సంవత్సరాలుగా ఎదురుచూస్తున్నాడు, వచ్చే డిసెంబరు దాకా కూడా చూస్తాడు.

నాపరాయి

బెలుం నుంచి తాడిపత్రికి బయలుదేరేది ఆదివారం అయ్యేటట్లు చూసుకోండి. ఆ రోజు చాలా గనులకు సెలవు, రోడ్డు మీద బండ్లు సగానికి సగం తగ్గుతాయి. ఆదివారం కుదరకపోతే కార్మికులు అన్నానికి ఆగే ఒంటి గంట, రెండు గంటల మధ్య కొలిమిగుండ్ల దాటిపోండి. ఎండ ఉంటుంది, అయినా డిసెంబరు ఎండే కదా.